నన్ను ముంచింది ఒక్క న్యూట్రల్ వైరు: ఐటీఐ ఎలక్ట్రీషియన్ ప్రాక్టికల్, రెండో ప్రయత్నం

నిన్న సాయంత్రం రిజల్ట్ చూసుకున్నాను. పాస్. నమ్మకం కుదరక ఇంకోసారి, ఆ తర్వాత అమ్మకు చూపించడానికి మరోసారి చూశాను. సప్లిమెంటరీకి కట్టినవాళ్లకు ఆ టెన్షన్ ఏంటో చెప్పక్కర్లేదు.

సీబీటీ (కంప్యూటర్ మీద రాసే థియరీ పరీక్ష) గురించి పెద్దగా రాయను. పాత ప్రశ్నలు తిరగేస్తే వస్తుంది, నేను మొదటిసారే గట్టెక్కాను. మిగతా పేపర్లకు 33 శాతం చాలు, ప్రాక్టికల్‌కు 60 కావాలి. నేను బోల్తా పడింది అక్కడే.

మొదటిసారి పరీక్షలో చేయమని నాకు వచ్చిన జాబ్ డీబీ (కరెంటును సర్క్యూట్లుగా పంచే డిస్ట్రిబ్యూషన్ బాక్సు) వైరింగ్. ఇన్‌కమర్‌గా, అంటే సప్లై లోపలికొచ్చే చోట, డబుల్ పోల్ ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైనా షార్టయినా పడే స్విచ్), దాని కింద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా వస్తే పడే స్విచ్), మూడు సర్క్యూట్లు దాని మీద, ఫ్రిజ్ కోసమని ఒక సర్క్యూట్ మాత్రం ఆర్‌సీసీబీ లేకుండా నేరుగా. అందుకే బాక్సులో రెండు న్యూట్రల్ లింకులు, అంటే కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ వైర్లు బిగించే పట్టీలు. చూడగానే సంబరపడ్డాను, ఎందుకంటే డీబీ అంటే నాకు కొట్టినపిండి అనుకునేవాణ్ని. లైట్లకు 1.5, పవర్ సాకెట్‌కు 4 స్క్వేర్ ఎమ్‌ఎమ్ వైరు, ఎర్త్‌కు ఆకుపచ్చ, వంపులన్నీ నైంటీ డిగ్రీలు. ఫొటో తీసి గోడకు తగిలించేంత నీట్‌గా చేశాను.

సప్లై ఇచ్చారు. ఆర్‌సీసీబీ నిలబడింది. లైట్ స్విచ్ వేశాను. టప్.

మళ్లీ పైకెత్తాను, నిలబడింది. స్విచ్ వేశాను, టప్. నాకు చెమటలు పట్టాయి. ఆర్‌సీసీబీయే పాడైందనుకుని ఇంకోటి అడిగి మార్చాను. అదీ అంతే. టెస్ట్ బటన్ నొక్కితే సరిగ్గానే పడుతోంది కదా, అంటే అది బాగానే ఉందని అప్పుడు బుర్రకు తట్టలేదు. బల్బు మార్చాను, హోల్డర్ విప్పాను, ఎర్త్ తీసేసి చూశాను. టైమ్ అయిపోయింది. ఎగ్జామినర్ సార్ ఏమీ అనలేదు, పెన్ను మూసి పక్క టేబుల్‌కు వెళ్లిపోయారు.

ఒక మాట చెప్పుకోవాలి. మేం చదివిన చోట డీబీ ఒక్కటే, బ్యాచ్ మొత్తానికి. దాంట్లో ఆర్‌సీసీబీ బొమ్మలాగా ఉండేది, కనెక్షన్ లేదు. రికార్డులో సర్క్యూట్ గీసి సంతకం పెట్టించుకున్నాం, అంతే. సాకు చెప్తున్నానని అనుకుంటే అనుకోండి. కానీ అదే చోట చదివినవాడు ఒకడు మొదటిసారే పాసయ్యాడు, వాడు సెలవుల్లో పనికి వెళ్లేవాడు. కాబట్టి సాకులో సగమే నిజం.

ఫెయిలయ్యాక తణుకులో వైరింగ్ పని చేసే మా బాబాయ్ దగ్గర హెల్పర్‌గా చేరాను. ఒక ఇంట్లో ఇన్వర్టర్ పెట్టినప్పటి నుంచి బెడ్‌రూమ్ ఫ్యాన్ వేస్తే ఆర్‌సీసీబీ పడి ఇల్లంతా కరెంటు పోయేదట. అంతకుముందు వచ్చినవాళ్లు చివరికి ఆర్‌సీసీబీని బైపాస్ చేసి డబ్బులు తీసుకుని పోయారట. బాబాయ్ దాన్ని మళ్లీ లైన్లోకి తెచ్చాడు. తర్వాత మెయిన్ ఆపి, లింకులోంచి న్యూట్రల్స్ అన్నీ ఊడదీసి, టేపు ముక్కల మీద నంబర్లు వేసి, మల్టీమీటర్ బీప్ పెట్టి ఒకదానికొకటి తాకించాడు. విడివిడిగా ఉండాల్సిన రెండు న్యూట్రల్స్ బీప్ అన్నాయి. ఫ్యాన్ న్యూట్రల్‌ను హాల్ బోర్డులో ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌తో కలిపేశారు.

“ఏరా, వెళ్లిన కరెంటు అదే గుమ్మంలోంచి తిరిగి రావాలి. పక్కింటి గుమ్మంలోంచి వస్తే వాడు ఊరుకుంటాడా?” అన్నాడు ఆర్‌సీసీబీని చూపిస్తూ.

నా పరీక్ష బాక్సు కళ్ల ముందుకొచ్చింది. లైట్ న్యూట్రల్‌ను నేను ఫ్రిజ్ లింకులో బిగించాను. 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద లాగేది దాదాపు 430 మిల్లీ ఆంపియర్లు. ఫేజు (కరెంటు తెచ్చే వైరు) ఆర్‌సీసీబీలోంచి వెళ్లింది, న్యూట్రల్ దాన్ని తప్పించుకుని వచ్చింది. 30కే పడే పరికరం 430 తేడా చూసి ఎందుకు నిలబడుతుంది? థియరీలో ఇదే ప్రశ్నకు నేను రైట్ కొట్టాను తెలుసా. చేతికి మాత్రం తెలియలేదు.

అందుకే చెప్తున్నా తమ్ముళ్లూ, ఆర్‌సీసీబీ పడుతుంటే ఎమ్‌సీబీలు ఒక్కొక్కటే ఆపి చూసి ఆగిపోకండి. సింగిల్ పోల్ ఎమ్‌సీబీ ఫేజునే కోస్తుంది. న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతుంటే, ఆ సర్క్యూట్ ఎమ్‌సీబీ ఆపినా ఇంకో లోడు వేసినప్పుడు ఆర్‌సీసీబీ పడొచ్చు. మెయిన్ ఆపి, న్యూట్రల్స్ విప్పి ఒక్కొక్కటీ చూడాల్సిందే. రోజూ ఒక గంట ఫోను పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ఆరు నెలలు రీల్స్ చూసి వారం ముందు వీడియోలు చూస్తే రాదు. నేను చూశాను కాబట్టే చెప్తున్నా. సరే, క్లాసు పీకడం ఆపేస్తాను.

రెండోసారి వైరింగ్ త్వరగానే అయింది. రెండు లింకులకూ ముందే రెండు రంగుల టేపు చుట్టుకున్నాను. తర్వాత సార్ నన్ను బయటికి పంపి ఏదో చేసి పిలిచారు. ఆర్‌సీసీబీ మీదున్న లోడ్లేవీ పనిచేయడం లేదు. బల్బు స్విచ్ ఆన్‌లో ఉంది, టెస్టర్ సాకెట్ రెండు కన్నాల్లోనూ వెలుగుతోంది. అంటే న్యూట్రల్ ఎక్కడో తెగింది, ఫేజు బల్బులోంచి అటువైపు వస్తోంది. మెయిన్ ఆపి ఆర్‌సీసీబీ కింద న్యూట్రల్ వైరు లాగి చూస్తే చేతిలోకి వచ్చేసింది. బిగించాను. వైవాలో న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు ఎందుకు పెట్టరని అడిగారు. అది ఒక్కటే పోతే బల్బు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది, కరెంటు లేదనుకుని ముట్టుకుంటారు అన్నాను. తల ఊపారు.

రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేశాను. “పాసయ్యావా? మంచిది. రేపు స్లాబు పైపులు వేయాలి, ఏడింటికల్లా వచ్చెయ్” అని పెట్టేశాడు.