ఆడిట్ ఆఫీసు నుంచి విద్యా విధానం వైపు: ఫెలోషిప్‌కి ఎంపికైన నా అనుభవం

నేను విశాఖలో ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. బడులతో నా ఉద్యోగానికి ఏ సంబంధమూ లేదు. అయినా ఉద్యోగం మానకుండా చేసే విద్యా విధాన ఫెలోషిప్ ఒకటుందని తెలిసి దరఖాస్తు పెట్టాను, ఎంపికయ్యాను. టీచర్లనీ, స్వచ్ఛంద సంస్థల వాళ్లనీ తప్ప తీసుకోరేమో అని ఆగిపోయిన స్నేహితులు నాకు ఉన్నారు. ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను.

సర్టిఫికెట్లు, ఇద్దరి సిఫారసు లేఖలు మామూలే. అసలు పని రెండు పేజీల నోట్. మీకు దగ్గర్లోని ప్రభుత్వ బడిలో ఒకే ఒక్క సమస్య తీసుకోండి, దాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో చూపండి అన్నారు. బడిలో ఏం బాగాలేదో ఎవరైనా చెప్తారు. ఎవరు సంతకం పెడితే మారుతుందో చెప్పాలంటే మాత్రం కూర్చుని చదవాల్సిందే.

ఆదివారాలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని 2020 జాతీయ విద్యా విధానం, 2009 విద్యాహక్కు చట్టం చదివాను. విధాన పత్రంలో ఏం చేయాలనుకుంటున్నారో ఉంది. చేయకపోతే ఎవర్ని అడగాలో చట్టంలో దొరికింది. 21వ సెక్షన్ చదివినప్పుడు నాకు ఎంతో ఉత్సాహం వచ్చింది. బడి యాజమాన్య కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో ఆ కమిటీ చూడాలి. అంటే పిల్లల అమ్మలకు చట్టం నా వృత్తిలాంటి పనే అప్పగించింది!

కంచరపాలెం వైపు ఒక చిన్న ప్రాథమిక బడికి వెళ్లాను. హెచ్ఎం మేడమ్ క్యాష్ బుక్, వోచర్లు అన్నీ ముందు పెట్టారు. కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే బడుల పథకం సమగ్ర శిక్ష. దాని కింద బడి నిర్వహణకి ఏటా వచ్చే డబ్బును కాంపోజిట్ గ్రాంటు అంటారు, అది పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000. చాక్‌పీసులు, చిన్న మరమ్మతులు, కరెంటు బిల్లు, శుభ్రత అన్నీ అందులోంచే చూసుకోవాలి. ఆ బడిలో పిల్లలు 30కి కాస్త అటూ ఇటూగా ఉంటారు. "ఒక్క కుటుంబం ఊరు మారితే మాకు 15,000 పోయినట్టేనమ్మా. పిల్లలు తగ్గారని ఊడ్చే గది తగ్గదు కదా" అన్నారు మేడమ్. ఇన్నేళ్లుగా కంపెనీల లెక్కలు చూస్తున్నాను గానీ, ఒక అంకె మనిషిని ఇంత ఇరుకున పెట్టడం ఎక్కడా చూడలేదు.

కమిటీ సభ్యురాలు ఒకామె అక్కడే ఉంది. లెక్కలు ఎప్పుడైనా చూశారా అని అడిగితే, "సంతకం ఎక్కడెట్టాలో సెప్పారమ్మా, దేనికో సెప్పనేదు" అంది. ఆ మాటతో నా నోట్ దారి మారింది. గ్రాంటు స్లాబులు, అంటే ఎంతమంది పిల్లలకు ఎంత డబ్బన్న అంచెలు, మార్చడం పైవాళ్ల పని. కానీ ఏటా వచ్చిన డబ్బు, అయిన ఖర్చు తెలుగులో ఒక బోర్డు మీద రాసి గోడకు పెట్టడానికి ఏ జీవో అక్కర్లేదు, బడిలోనే చేయొచ్చు. ఈ రెండింటినీ విడివిడిగా రాశాను.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. టెన్షన్ గట్టిగానే ఉంది. "30కీ 31కీ మధ్య తేడా అన్యాయమే అనుకుందాం, మరి గీత ఎక్కడ గీస్తారు?" అని అడిగారు. గీత వద్దు, ప్రతి బడికీ కొంత స్థిరమైన మొత్తం ఇచ్చి, దాని మీద పిల్లల తలకింత చొప్పున కలపండి అన్నాను. డబ్బు ఎవరిస్తారు అన్నది తర్వాతి ప్రశ్న. మన రాష్ట్రానికి ఈ పథకంలో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. కాబట్టి ఇద్దర్నీ ఒప్పించాలి. బడివారీ పిల్లల సంఖ్య యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ బడుల సమాచార వ్యవస్థలో ఉంది కనుక అదనపు భారం ఎంతో లెక్క కట్టవచ్చు అని చెప్పాను. ఆ తర్వాత మాటలు తేలిగ్గా సాగాయి.

చివర్లో ఆఫీసు అనుమతి గురించి చాలాసేపు అడిగారు. వారాంతపు తరగతులు, మధ్యలో బడుల సందర్శన ఉంటాయి కాబట్టి సంస్థ నుంచి రాతపూర్వక అంగీకారం కావాలి. దరఖాస్తు పెట్టేవాళ్లు దీన్ని ముందే తెచ్చుకోవడం మంచిది. మా సార్ అయితే, "సెప్టెంబరు 30 దాకా టాక్స్ ఆడిట్లు, ఆ నెల వదిలేసి ఎప్పుడైనా వెళ్లమ్మా" అని లేఖ ఇచ్చేశారు.

ఇప్పుడు తరగతులు మొదలయ్యాయి. మొదటి అసైన్‌మెంటుగా, నేను చెప్పిన పద్ధతికి ఒక మండలంలో ఎంత అదనంగా ఖర్చవుతుందో బడి బడికీ లెక్క వేసి తెమ్మన్నారు. పెందుర్తి మండలం తీసుకున్నాను. అక్కడ ఏ బడి కమిటీలోనైనా మీరు సభ్యులైతే, మీ గ్రాంటు లెక్క మీ చేతికి ఎప్పుడైనా వచ్చిందా లేదా అన్నది నాకు తెలియాలి.