క్యాంటీన్‌లో విన్న మాట: క్వెరులాంట్

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఆఫీసులో చేరిన కొత్తలో, క్యాంటీన్‌లో ఒక పెద్దాయన మా బల్ల వైపు వస్తుంటే పక్కనున్న కొలీగ్ గొంతు తగ్గించి, "ఆయనతో జాగ్రత్త, క్వెరులాంట్" అన్నాడు. కన్సల్టెంట్ లాగా అదేదో హోదా అనుకున్నాను.

అయినదానికీ కానిదానికీ ఫిర్యాదులు రాసేవాడని అర్థమట. నేనైతే చాలాకాలం ఆ మాట 'క్వేర్' నుంచి పుట్టిందనే నమ్మాను. జర్మన్‌లో క్వేర్ అంటే అడ్డంగా అని, మనమూ 'వాడు అడ్డం తిరిగాడు' అంటాం కదా, అతికినట్టు కుదిరింది. తీరా చూస్తే సంబంధమే లేదు, మొరపెట్టుకోవడం అనే అర్థమున్న లాటిన్ 'క్వెరి' నుంచి వచ్చింది. డచ్, స్వీడిష్, నార్వేజియన్, డేనిష్ వాళ్లదీ దాదాపు ఇదే మాట. ఇంగ్లీషు క్వారల్ కూడా ఆ చెట్టు కొమ్మే.

మామూలు సణుగుడికి ఇక్కడ వేరే మాట ఉంది, మెకర్న్, అసలర్థం మేక అరవడం. ట్రైన్ లేటయినా, వాన పడినా అందరూ మెకర్న్ చేస్తారు, ఎవరూ తప్పు పట్టరు. క్వెరులాంట్ అలా కాదు, కాగితం పట్టుకుని వదలనివాడు. ఐసీడీ-10 అనే రోగాల పట్టికలో 'పారనోయియా క్వెరులాన్స్' అని జబ్బు పేరే ఉంది! ఒకసారి ఆ ముద్ర పడిందా, ఇక ఆ మనిషి చెప్పేదాంట్లో నిజమెంతో ఎవరూ చూడరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ ఏడాది నా ఓవర్‌టైమ్‌లో 31 గంటలు లెక్కలోకి రాలేదు. అడగాలంటే టెన్షన్, బ్లూ కార్డు, అంటే ఇక్కడ ఉండి పనిచేసుకునే పర్మిట్, వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, పైగా చిన్నప్పటి నుంచీ విన్నది 'ఎందుకొచ్చిన గొడవ, సర్దుకుపో' అనే కదా. ఎలా తెలిసిందో, ఆ పెద్దాయనే నా డెస్క్ దగ్గరికొచ్చి ఆఫీసుల్లో ఉద్యోగుల హక్కుల గురించిన జర్మన్ చట్టంలోని 84వ సెక్షన్ ప్రింటు పెట్టి వెళ్లాడు. ఉద్యోగికి ఫిర్యాదు చేసే హక్కుంది, చేసినందుకు అతనికి నష్టం కలిగించకూడదు అన్న రెండు చోట్లా పసుపు మార్కర్ గీతలు. బెట్రీబ్స్‌రాట్ ద్వారా రాశాను, అంటే ఉద్యోగులు ఓట్లేసి ఎన్నుకునే కమిటీ. మూడు వారాల్లో గంటలు జమయ్యాయి.

అలాగని ఆయన దేవుడని చెప్పను. పోయిన చలికాలం నేను మైక్రోవేవ్‌లో చేపల పులుసు వేడి చేసుకున్నందుకు, నా పేరెత్తకుండానే, 'మూడో అంతస్తు కిచెన్‌లో వాసన' అని రెండు పేజీల ఫిర్యాదు పెట్టాడు. తేదీలు, టైములతో సహా. ఆరు తేదీలు, ఆరూ కరెక్టే. ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ దగ్గర ఆ మాట మొదటిసారి నేనే అన్నాను.