మగవి పుట్టని సీసాలు

నేను పెంచే ట్రైకోగ్రామా కందిరీగలు అర మిల్లీమీటరు పొడవుంటాయి. ఇతర కీటకాల గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. మగదాని మీసాలకు పొడవాటి వెంట్రుకలుంటాయి కాబట్టి సూక్ష్మదర్శిని కింద ఇట్టే తెలిసిపోతుంది. కానీ కొన్ని సీసాల్లో ఎన్ని తరాలు గడిచినా అన్నీ ఆడవే.

ఇది వోల్బాకియా పని. కణాల లోపల బతికే ఈ బ్యాక్టీరియా తల్లి గుడ్డు ద్వారానే తర్వాతి తరానికి చేరుతుంది. వీర్యకణంలో దానికి చోటు లేదు. అంటే మగ సంతానం దాని లెక్కలో శుద్ధ దండగ! కందిరీగల్లో ఫలదీకరణ చెందని గుడ్డు మామూలుగా మగది అవుతుంది. వోల్బాకియా ఉన్న గుడ్డులో మాత్రం మొదటి విభజనప్పుడు క్రోమోజోములు విడిపోవు. అవి రెట్టింపు సంఖ్యలో ఉండిపోయి, తండ్రి లేకుండానే ఆడది పుడుతుంది. తల్లులకు తేనెలో యాంటీబయాటిక్ కలిపి పెడితే మగవి మళ్ళీ పుడతాయని 1990లో తేలింది. సీసాలో ఆ వెంట్రుకల మీసాలు కనబడినప్పుడు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఈ బ్యాక్టీరియాను 1924లో మొదట చూసింది క్యూలెక్స్ దోమలో. అక్కడ ఎత్తు వేరు: అది ఉన్న మగదోమ, లేని ఆడదోమతో కలిస్తే గుడ్లు పొదగవు.

అయితే కీటకాలేమీ చేతులు కట్టుకుని కూర్చోవు. సమోవా దీవుల్లోని ఒక సీతాకోకచిలుకలో వోల్బాకియా మగ పిండాలను చంపేసేది. 2001లో అక్కడ మగవి నూటికి ఒకటి. ఆ చంపడాన్ని అణచే జన్యువు సీతాకోకచిలుకల్లో వ్యాపించి, 2006 నాటికి దాదాపు నలభై అయ్యాయి. బ్యాక్టీరియా మాత్రం వాటిలో అలాగే ఉంది.