మేరీలాండ్ చెట్టు, సైనిక్‌పురి పెరడు

అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చేస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే ఇక్కడివాళ్లయిపోతారని చుట్టాలంతా ధైర్యం చెప్పారు. మా అమ్మాయి తిండికీ పేచీ పెట్టలేదు, తెలుగు వాచకానికీ పెట్టలేదు. పెరట్లో రివర్ బిర్చ్ చెట్టు కావాలంది.

మేరీలాండ్‌లో కప్పు మీది వాన నీరు పారే చోట మాకు రెయిన్ గార్డెన్ ఉండేది. అదేం పెద్ద బ్రహ్మవిద్య కాదు. పునాదికి కనీసం పదడుగుల దూరంలో, అర అడుగు లోతున తవ్వి మొక్కలు పెట్టిన పల్లం. చేరిన నీళ్లు ఒకట్రెండు రోజుల్లో ఇంకిపోవాలి, లేదంటే దోమలకు పండగే. అందులో మేం పెట్టిన రివర్ బిర్చ్ అక్కడి వాగుల ఒడ్డున పెరిగే చెట్టు కాబట్టి వేళ్లు నానినా తట్టుకుంటుంది. తెల్ల బిర్చ్‌లను తొలిచి చంపే పురుగు కూడా దీన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. దాల్చినచెక్క రంగు బెరడు పొరలు పొరలుగా లేస్తుంటే మా పిల్ల వాటిని ఏరి పుస్తకాల్లో దాచుకునేది.

అయితే అది చలికాలమంతా ఆకు రాల్చి పడుకునే చెట్టు. మన మే నెల ఎండలో దాన్ని కాపాడుకోవడం మన వల్ల కాదని చెప్పాను.

"అయితే ఇక్కడి చెట్టేంటి?" అంది.

మా నాన్న తడుముకోకుండా "తెల్లమద్ది" అన్నారు. అదీ వాగుల పక్కన పెరిగేదే, దాని బెరడూ పెచ్చులుగా ఊడుతుంది. పిల్లకు అది చాలలేదు. "దాని ఆకులు ఏ పురుగు తింటుంది తాతయ్యా?" స్థానిక చెట్టయితే అక్కడి గొంగళిపురుగులకు తిండి పెడుతుందని, పిట్టలు వాటితోనే పిల్లల్ని పెంచుతాయని అక్కడి స్కూల్లో చెప్పారట. గులాబీ మీద చిన్న పురుగు కనిపించినా మందు కొట్టే మనిషి, ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత మొహం వెలిగిపోయింది. "దసలి పట్టుపురుగు! మహదేవ్‌పూర్ వైపు మద్దిచెట్ల మీదే పెంచుతారు. మీ అమ్మమ్మ బీరువాలో ఆ పట్టుచీర ఉంది చూడు."

విదేశాల్లో మనవాళ్లంతా పిల్లల్ని శ్లోకాలకూ కూచిపూడికీ తిప్పుతారు. చెట్టూచేమా ఎవరి సిలబస్‌లోనూ ఉండవు. ఆ లోటు తీర్చే ప్రశ్న అమెరికా బడి నుంచే రావడం నాకు భలే నచ్చింది.

పేచీ మాత్రం తీరలేదు. తెల్లమద్ది మహావృక్షం అవుతుంది, ప్రహరీ పక్కన పెట్టే రకం కాదు. వాన నీటికి నాన్నకేమో రాళ్లు, కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతే కావాలి. పిల్లకు మొక్కలున్న పల్లం కావాలి. ముందు నేల ఎంత నీరు పీలుస్తుందో చూద్దామని మూలన చిన్న గుంత తవ్వి, నీళ్లు నింపి, ఫోన్‌లో టైమ్ చూస్తూ కూర్చుంది. పక్కింటి అంకుల్ గోడ మీంచి తొంగిచూసి, "ఏంటమ్మా, బోరు వేస్తున్నారా?" అన్నారు.

"లేదు అంకుల్, టెస్ట్. మీ మోటార్ నీళ్లు ఇటే వస్తున్నాయి, కొంచెం ఆపరా?"