గెరిజీము కొండ మీద పస్కా రాత్రి

ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలకు గుర్తుగా గొర్రెపిల్లను కాల్చి తినే పండుగ పస్కా. గెరిజీము మీద సమరయులు దాన్ని ఇప్పటికీ చేస్తారు. పొద్దు గూకడానికి ఇంకా మూడు గంటలు ఉండగానే గుంటల్లో మంటలు లేచాయి. ఒక్కో గుంట మనిషి మునిగేంత లోతు. లోపల గుండ్రంగా రాతికట్టు, చూడటానికి చిన్న బావిలా ఉంటుంది. నిండా కట్టెలు వేసి మండిస్తున్నారు. మాంసం కాలేది ఈ మంట మీద కాదు. మంట అణిగాక రాళ్లు పట్టుకున్న వేడిలో కాలుతుంది. అందుకే ఇంత ముందుగా మొదలుపెడతారు. ఆలస్యమైతే రాళ్లు వేడెక్కవు, అర్ధరాత్రికి మాంసం పచ్చిగానే ఉంటుంది. పచ్చిది తినకూడదని పస్కా నియమాలు చెప్పే నిర్గమకాండం 12లోనే ఉంది.

గెరిజీము ఎత్తు 881 మీటర్లు. కింద వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లస్ పట్టణం, బైబిల్లోని షెకెము అక్కడే. ఎదురుగా ఏబాలు కొండ. కొండ మీది కిర్యత్ లూజా ఊళ్లో సమరయులు ఉంటారు, మోషే ధర్మశాస్త్రాన్ని పాటిస్తూ గెరిజీమునే పవిత్ర స్థలంగా ఎంచే జనం. ప్రపంచం మొత్తం మీద వాళ్లు వెయ్యి మందికి లోపే. దాదాపు సగం మంది టెల్ అవీవ్ దగ్గర హోలోన్‌లో కాపురం ఉన్నా పస్కాకు అందరూ ఇక్కడికి చేరతారు. యాకోబు బావి ఈ కొండ కిందే ఉంది. "మా పితరులు ఈ పర్వతమందు ఆరాధించిరి" అని సమరయ స్త్రీ యేసుతో అన్నది ఈ కొండ గురించే.

యూదులకు గొర్రెపిల్ల వధ క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలడంతోపాటే ఆగిపోయింది. ఇప్పుడు వాళ్ల పస్కా పళ్లెంలో దాని గుర్తుగా ఒక ఎముక మాత్రమే పెడతారు. ఇక్కడ ఎందుకు ఆగలేదంటే సంగతంతా ఒక క్రియాపదం దగ్గర ఉంది. ద్వితీయోపదేశకాండంలో మనం చదివేది బలి కోసం దేవుడు "ఏర్పరచుకొను స్థలము". సమరయుల ప్రతిలో అది "ఏర్పరచుకొనిన స్థలము". వాళ్ల లెక్కన ఆ స్థలం మోషే నాటికే ఖాయమైంది, అది గెరిజీమే. యెరూషలేము కూలితే వాళ్ల బలి ఆగాల్సిన పని లేదు.

యాత్రకు వచ్చేవాళ్లు ముందు తేదీ సరిచూసుకోవాలి. సమరయుల పంచాంగం వేరు, కొన్నేళ్లు వాళ్ల పస్కా యూదుల పస్కాకు నెల తేడాతో వస్తుంది. యెరూషలేము నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, దారిలో చెక్‌పోస్టులు. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ఏప్రిల్ అయినా చీకటి పడితే కొండ మీద చలి కొరుకుతుంది, శాలువా మరవద్దు. కంచె పక్కన చోటు దొరకాలంటే నాలుగింటికల్లా నిలబడాలి.

గొర్రెలు ఏడాది మగవి, ఏ లోపమూ లేనివి. సూర్యుడు దిగుతుంటే తెల్లబట్టల్లో మగవాళ్లు పొడవాటి కాలువ గుంటకు రెండు వైపులా వాటిని పట్టుకుని నిలబడ్డారు. ప్రధాన యాజకుడు నిర్గమకాండం 12 చదువుతున్నాడు. "సాయంకాలమందు దాని చంపి" అనే చోటికి రాగానే కత్తులు కదిలాయి. గొంతు మీద ఒక్క లాగుడు, అంతే. మన ఊళ్లలో జాతరకు వేట తల నరికే తీరు వేరు. ఇక్కడ తల మొండెంతోనే ఉండాలి, ఎందుకంటే తల, కాళ్లతో సహా కాల్చాలని ధర్మశాస్త్రం చెప్పింది. కొందరు ఆ రక్తం వేలితో తీసి నుదుట పెట్టుకున్నారు.

ఆ "సాయంకాలమందు" అన్న మాట దగ్గర మన ప్రసంగీకులు కాస్త ఆగాలి. హెబ్రీలో అది "రెండు సాయంకాలాల నడుమ". సమరయులకు సూర్యాస్తమయానికీ చీకటికీ మధ్య సమయం. యెరూషలేము ఆలయంలో మధ్యాహ్నం వాలిన పొద్దు నుంచే లెక్క, తొమ్మిదో గంట నుంచి పదకొండో గంట దాకా వధించేవారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. తొమ్మిదో గంట అంటే మధ్యాహ్నం మూడు, యేసు సిలువ మీద ప్రాణం విడిచిన వేళ.

తర్వాతదంతా కసాయి పనే. తోలు తీస్తారు. తొడనరం వెతికి లాగేస్తారు, యాకోబు తుంటి దెబ్బకు గుర్తుగా ఆదికాండం 32లో వచ్చే ఆచారం అది. కుడి జబ్బ యాజకులకు. కొవ్వు, పేగులు మంటకు. ఉప్పు మాత్రం చారెడు చారెడుగా లోపలా బయటా రుద్దుతారు. పొడవాటి కర్రకు గుచ్చి, పిలుపు అందగానే అన్నీ ఒక్కసారే గుంటల్లోకి దించుతారు. పైన ఇనుప జాలీ, దాని మీద గోనెపట్టాలు, ఆపైన తడిమట్టి. ఎక్కడ పొగ సన్నగా లేచినా పరుగున వెళ్లి అక్కడ మట్టి మెత్తుతారు. గాలి దూరితే నిప్పు మళ్లీ రాజుకుంటుంది, పైన బొగ్గు, లోపల పచ్చి. మూడు నాలుగు గంటలు ఎవరూ తెరవరు.

ఇదే నాబ్లస్‌లో పుట్టిన క్రైస్తవ రచయిత జస్టిన్ రెండో శతాబ్దంలో, పస్కా గొర్రెను ఒక కర్ర నిలువుగా, ఒకటి వీపుకు అడ్డంగా గుచ్చి కాలుస్తారని, అది సిలువ రూపమని రాశాడు. సొంత ఊరి ఆచారం ఎరిగినవాడి మాట కాబట్టి నేను దాన్ని తేలిగ్గా తీసెయ్యను.

మన సంఘాల్లో ఒక కలగాపులగం ఉంది. పస్కా గొర్రెను, ఏటా ఒక్కసారి జనం పాపాల కోసం ఆచరించే ప్రాయశ్చిత్త దినపు మేకను కలిపేసి ఒకే ప్రసంగం చేస్తాం. ఆ దినపు పాపపరిహారార్థబలి మాంసం ఎవరూ తినరు, పాళెం బయట కాల్చేస్తారు. విడిచిపెట్టే మేకను అరణ్యంలోకి తోలేస్తారు. పస్కా గొర్రె అలా కాదు, ఇంటిల్లిపాదీ తినేది. లేవీయకాండం మొదట్లోని అయిదు అర్పణల వరుసలో అది లేదు. నిర్గమంలో దాని పని పాపం కడగడం కాదు, సంహారకుడు గుమ్మం తొక్కకుండా దాటిపోయేలా చేయడం, బానిసల్ని బయటికి నడిపించడం. "క్రీస్తు అను మన పస్కా పశువు వధింపబడెను" అన్న పౌలు ఆ మాటకు ముందే పులిపిండి తీసిపారేయమంటాడు, వెంటనే పండుగ ఆచరిద్దామంటాడు. ఆయన దృష్టి భోజనం బల్ల మీద ఉంది.

అర్ధరాత్రికి మట్టి తవ్వారు. చేదు ఆకుకూర, రేకు మీద కాల్చిన పులియని రొట్టె. ఆ రొట్టె పలచగా, మెత్తగా, మన రుమాలీ రొట్టెలా మడత పడుతుంది. చూడవచ్చినవాళ్లకు మాంసం పెట్టరు, అడగకూడదు కూడా. సున్నతి లేనివాడు తినకూడదన్నది అదే అధ్యాయంలో ఉంది. త్వరత్వరగా, చేతులతో తుంచుకుని తిన్నారు. నల్లి బొక్క కొట్టి మూలుగ జుర్రడం మనకు అలవాటు. ఇక్కడ ఒక్క ఎముకా విరగదు, మాంసం ఊడదీసి ఎముకను అలాగే పక్కన పెడతారు. సిలువ మీద యేసు కాళ్లు విరగ్గొట్టని చోట యోహాను గుర్తు చేసుకున్న మాట ఇదే.

మిగిలిన మాంసం, ఎముకలు, కిందపడ్డ తునకలు కూడా ఏరి మళ్లీ మంటలో వేశారు. తెల్లారేలోపు అంతా కాలిపోవాలి.