రెండు పుట్టిన సర్టిఫికెట్లు

అన్నయ్య పరాయి దేశంలో పోయాడని ఫోన్ వచ్చిన గంటకే వీసా ఫారం నింపుతూ కూర్చున్నాను. ఏడవడానికి కూడా టైమ్ లేదు. మామూలు అపాయింట్‌మెంట్ 3 వారాల తర్వాత ఉంది. అత్యవసరంగా కావాలంటే విడిగా అడగాలని, ఆసుపత్రి లెటరో మరణ ధ్రువీకరణ పత్రమో జత చేయాలని అప్పుడే తెలిసింది. వదిన ఆ స్థితిలోనూ లెటర్ స్కాన్ చేసి పంపింది, పాపం.

నేను ఆయన తమ్ముణ్ణి అని రుజువు చేయడమే అన్నిటికన్నా కష్టమైంది. చివరికి ఇద్దరి పుట్టిన సర్టిఫికెట్లూ ఇచ్చాను. కౌంటర్‌లో ఆమె వాటిని పక్కపక్కన పెట్టి అమ్మానాన్నల పేర్లు చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

పాస్‌పోర్టు గడువు 6 నెలలకన్నా తక్కువుంటే చాలా దేశాలు రానివ్వవు. దయచేసి మీది ఇవాళే చూసుకోండి. నాది 8 నెలలుంది. అన్నయ్యను చివరిసారి చూడగలిగాను.