రెండున్నరేళ్ల పసివాడి చేతిలో కత్తి

కడపలో డిగ్రీ విద్యార్థులకు షేక్‌స్పియర్ చారిత్రక నాటకాలు చెప్పేటప్పుడు ఏటా ఎదురయ్యే ప్రశ్న, ఇదంతా నిజంగా జరిగిందా అన్నది. కొంత జరిగింది, కొంత లేదు అని చెప్పి ముందుకు సాగిపోవచ్చు గానీ, జరగనివాటిలోనూ రెండు తరహాలున్నాయనీ, వాటిని ఒకే గాటన కట్టడం సరికాదనీ నా అభిప్రాయం.

మొదటి తరహాకు హాట్‌స్పర్ ఉదాహరణ. ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీపై తిరగబడి 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో నేలకొరిగిన ఈ వీరుడు 1364లో పుట్టాడు, అంటే వయసులో రాజుకన్నా పెద్దవాడు. నాటకంలో మాత్రం అతడూ, అప్పటికి పదహారేళ్లు దాటని యువరాజు హాల్ ఈడుజోడు కుర్రవాళ్లు. ఊయలలోనే బిడ్డలు తారుమారై ఉంటే ఆ హాట్‌స్పర్ తన కొడుకయ్యేవాడు కదా అని రాజు వాపోవాలంటే, చివరకు హాల్ అతణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపి తండ్రి మెప్పు పొందాలంటే, వయసు తగ్గించక తప్పదు. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు. గయుడి కోసం కృష్ణార్జునులు తలపడే నాటకం చూస్తూ, ఇది వ్యాసభారతంలో లేదని మన ఊళ్లలో ఎవరూ లేచి వెళ్లిపోలేదు కదా!

రెండో తరహాకు ఉదాహరణ అయిన మూడో రిచర్డ్ రాజు సంగతి వేరు. 1455లో జరిగిన సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో సోమర్సెట్ ప్రభువును అతడే చంపినట్లు షేక్‌స్పియర్ చూపించాడు. నిజానికి 1452 అక్టోబరులో పుట్టిన రిచర్డ్‌కు అప్పటికి మూడేళ్లయినా నిండలేదు. అన్న క్లారెన్స్‌కు 1478లో మరణశిక్ష వేయించింది పెద్దన్న నాలుగో ఎడ్వర్డ్ అయితే, నాటకంలో ఆ పాపం కూడా రిచర్డ్ ఖాతాలోనే పడింది. దీనికి కారణం వెతకడం కష్టం కాదు. 1485లో బాస్వర్త్ వద్ద రిచర్డ్‌ను ఓడించి సింహాసనమెక్కిన ఏడో హెన్రీకి, ఈ నాటకాల కాలంలో ఏలుతున్న ఎలిజబెత్ రాణి స్వయానా మనుమరాలు. రిచర్డ్‌ను రాక్షసుడిగా చిత్రించిన రచయిత థామస్ మోర్ బాల్యంలో పెరిగింది రిచర్డ్ శత్రువైన మతాధికారి మోర్టన్ ఇంట్లో. మోర్ రాసింది ఎడ్వర్డ్ హాల్, హాలిన్‌షెడ్ అనే చరిత్రకారుల గ్రంథాల మీదుగా రంగస్థలానికి చేరింది.

2012లో లెస్టర్ నగరంలోని ఒక కారు పార్కింగ్ కింద దొరికిన రిచర్డ్ అస్థిపంజరం ఈ కథలో కొంత నిజమనీ చెప్పింది, కొంత అబద్ధమనీ చెప్పింది. వెన్నెముక పక్కకు వంగి ఉన్న మాట వాస్తవం. నాటకం అతడికి అంటగట్టిన ఎండిపోయిన చెయ్యి మాత్రం కల్పన. అయినా ఆ నాటకం నాకు ఇష్టమే. తెర లేవగానే ప్రేక్షకులతో నేరుగా మాట్లాడి, తన కుట్రలో మనల్ని భాగస్వాములను చేసుకునే రిచర్డ్ చాతుర్యం ముందు మంచివాళ్లందరూ వెలవెలబోతారు.

మన సీమకూ ఇటువంటి పాలకుడు ఒకడున్నాడు. 1565 యుద్ధంలో తల కోల్పోయిన అళియ రామరాయల అహంకారం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం, గెలిచిన బీజాపూరు కొలువులో ఉండి రాసిన చరిత్రకారుడు ఫెరిష్తా నుంచి వచ్చిందే. ఆ యుద్ధంతో వచ్చిన విజయనగర పతనాన్ని బళ్లారి వకీలు కోలాచలం శ్రీనివాసరావు నాటకంగా మలిస్తే, తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ అందులో పఠాను వేషం కట్టి పేరు తెచ్చుకున్నాడు. ఈ ఏడాది రిచర్డ్ పాఠం పూర్తయ్యాక విద్యార్థుల ముందు ఫెరిష్తా రాతనూ, కోలాచలం నాటకాన్నీ పక్కపక్కన పెట్టి, రామరాయల మీద ఏ నేరాన్ని ఎవరు మోపారో విడదీసి రాయమని అడగబోతున్నాను.